నీళ్లలో కోడిగుడ్డు

ఈత రాని స్నేహితుడికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక ఉత్తరం రాశాడు. ఆ స్నేహితుడి పేరు ఆలివర్ నీవ్. తోట చివరే నీళ్లు పారుతున్నా, ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాంలే అని వెనకాడుతున్న మనిషి. కాళ్లెలా ఆడించాలి, చేతులెలా వెయ్యాలి అన్న పాఠంతో ఫ్రాంక్లిన్ మొదలుపెట్టలేదు. ఒక కోడిగుడ్డు పట్టుకెళ్లమన్నాడు.

నేల మెల్లగా లోతయ్యే చోటు చూసుకుని, గుండెల లోతు వచ్చేదాకా తాపీగా నడవాలి. అక్కడ వెనక్కి తిరిగి, ఒడ్డు వైపు చూస్తూ, తనకూ ఒడ్డుకూ మధ్య గుడ్డును పడెయ్యాలి. అది అడుక్కి చేరినా తేటనీళ్లలో తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు కళ్లు తెరిచే ఉంచి, మునిగి, దాన్ని అందుకోవాలి. వెళ్లేది ఒడ్డు వైపుకే గనక భయం అక్కర్లేదు; కావాలన్నప్పుడు కాళ్లు కింద ఆనించి నిలబడొచ్చు. తమాషా అంతా ఆ తర్వాతే. మునుగుదామని ఎంత తంటాలు పడ్డా నీళ్లు పైకి తోసేస్తుంటాయి. గుడ్డు ఒక పట్టాన అందదు. మునిగిపోతానేమోనని వణికినవాడికి, మునగడమే కష్టమని ఒంటికి తెలిసొస్తుంది.

ఆ ఉత్తరం 1769లో ఫ్రాంక్లిన్ ప్రయోగాల పుస్తకంతో పాటు అచ్చయింది. అందులో శాస్త్రమూ ఉంది. తల, చేతులు, కాళ్లు నీటికన్నా కొంచెం బరువనీ, ఊపిరితిత్తుల్లో గాలి ఉండడం వల్ల మొండెం తేలికనీ, అందుకే వెల్లకిలా పడుకుంటే ముక్కూ నోరూ నీటిపైన ఉంచుకోవచ్చనీ వివరంగా రాశాడు. రాసి, ఆపదలో ఈ వివరణ గుర్తుకొస్తుందని పెద్దగా నమ్మకం పెట్టుకోవద్దని కూడా హెచ్చరించాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెలివైన మనిషికన్నా ఏమీ తెలియని జంతువే నయమన్నది ఆయన అభిప్రాయం.

పుస్తకాలంటే పడనివాడి మాట కాదిది. ఫ్రాంక్లిన్ స్వయంగా పుస్తకం చూసి ఈత మెరుగుపరుచుకున్నవాడు. తెవెనో అనే ఫ్రెంచి రచయిత ఈత మీద రాసిన గ్రంథంలోని భంగిమలన్నీ సాధన చేసి, వాటికి తన సొంత విన్యాసాలు కొన్ని కలుపుకున్నాడు. 1726లో, ఇరవయ్యేళ్ల వయసులో, లండన్‌లో స్నేహితులు అడిగితే థేమ్స్ నదిలో దూకి చెల్సీ దగ్గర నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా రకరకాల విద్యలు చూపిస్తూ ఈదుకుంటూ వెళ్లాడు. అదంతా సుమారు మూడున్నర మైళ్లు.

ఇలా ఏదో ఒకటి నేర్పే పుస్తకాలకు తెలుగువాళ్ల దగ్గరా కొరత లేదు. బస్టాండు పుస్తకాల దుకాణంలో ‘ముప్పై రోజుల్లో’ అని మొదలయ్యే అట్టలు తరతరాలుగా వేలాడుతున్నాయి. ముప్పై రోజుల్లో హిందీ, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ ఎన్ని ఇళ్ల అలమరాల్లో ఉందో లెక్కపెట్టడం కష్టం. ఇప్పుడు ఆ పనిని ఫోను అందుకుంది. తెల్లవారుజామున లేవడం గురించి రాత్రి పన్నెండింటికి వీడియో చూసేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా దొరుకుతారు.

తెలిసీ చెయ్యనివాణ్ణి మన భాష దొంగగానే చూస్తుంది. శ్రీరంగనీతుల సామెత ఊరికే పుట్టలేదు. ఆ వెక్కిరింపు గురువులకూ నాయకులకూ సరిగ్గా సరిపోతుంది. కానీ ఇంగ్లీషు నేర్చుకుందామని పుస్తకం కొని మూడో పాఠం దగ్గర ఆగిపోయిన గుమస్తా ఎవరినీ మోసం చెయ్యడం లేదు. ఆయనకు కోరిక ఉంది, పాఠం అర్థమైంది, డబ్బు కూడా పెట్టాడు. మరి ఎక్కడ ఆగింది?

1965లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ లెవెంథాల్, రాబర్ట్ సింగర్, సూసన్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి ప్రశ్నే వేసుకున్నారు. చివరి సంవత్సరం విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలు పంచారు. కొందరికి ఇచ్చిన కరపత్రం మామూలుది. ఇంకొందరిది చూస్తే ఒళ్లు జలదరించేది. భయపడ్డవాళ్లు టీకా వేయించుకోవాల్సిందే అని గట్టిగా అనుకున్నారు. అనుకోవడం వరకే. నిజంగా వెళ్లి వేయించుకున్నది వందకు ముగ్గురు.

మరికొందరు విద్యార్థులకు కరపత్రంతో పాటు క్యాంపస్ మ్యాపు ఇచ్చారు. హెల్త్ సెంటర్ ఎక్కడుందో అందులో గుర్తు పెట్టారు. వారంలో తమ క్లాసుల వేళలు చూసుకుని, ఏ రోజు అటు వెళ్లడానికి వీలవుతుందో అక్కడికక్కడే ఆలోచించుకోమన్నారు. వీళ్లలో 28 శాతం మంది టీకా వేయించుకున్నారు. నాలుగేళ్లుగా అదే క్యాంపస్‌లో తిరుగుతున్నవాళ్లకు హెల్త్ సెంటర్ ఎక్కడో తెలియకపోదు. మ్యాపులో కొత్త సంగతి ఏదీ లేదు. భయం ఎక్కువా తక్కువా అన్నదానితో కూడా సంబంధం లేకపోయింది. మంగళవారం ఫలానా క్లాసు అయ్యాక అటు మళ్లాలి అన్న ముక్క ఒకటి మనసులో పడింది, అంతే. మ్యాపు అందుకున్నవాళ్లలో కూడా వందకు 72 మంది వెళ్లలేదన్నది నిజమే. అయినా మూడుకీ ఇరవై ఎనిమిదికీ ఉన్న దూరం చిన్నది కాదు.

2002లో బ్రిటన్ పరిశోధకులు విద్యార్థులతో వ్యాయామం చేయించే ప్రయత్నం చేశారు. వ్యాయామం గుండెకెంత మేలో చదివిన బృందంలో వారం తిరిగేసరికి చేసినవాళ్లు 35 శాతం. ఆ చదువేమీ లేని మామూలు బృందంలో 38 శాతం. అంటే చదివించడం వల్ల ఒరిగింది శూన్యం. మూడో బృందం అదే చదివి, దాంతో పాటు వచ్చే వారం ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా చోట అని ఒక వాక్యం రాసుకుంది. అందులో చేసినవాళ్లు 91 శాతం. ఇంత నాటకీయమైన ఫలితం ప్రతిసారీ వస్తుందని ఎవరూ ఆశపెట్టుకోకూడదు. కుర్రవాళ్లతో, ఒక్క వారం పాటు జరిగిన పరీక్ష అది. జీవితం వారంతో అయిపోదు.

ఏళ్ల తరబడి సాగాల్సిన పనికి మధుమేహాన్ని మించిన ఉదాహరణ ఈ రోజుల్లో దొరకదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి ఆ జబ్బు ఉంది, 13.6 కోట్ల మంది దాని గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. వీళ్లలో చాలామందికి ఏం చెయ్యాలో తెలుసు. హైదరాబాద్ కేబీఆర్ పార్కు దగ్గరైనా, విశాఖ బీచ్ రోడ్డులోనైనా పొద్దున్నే కాసేపు నిలబడితే కొర్రలు, రాగిజావ, మెంతులు, మూడు నెలల సగటు చక్కెర మీద ఉచితంగా ఉపన్యాసం వినొచ్చు. ఉపన్యాసం సాధారణంగా టిఫిన్ బండి దగ్గర ముగుస్తుంది. ప్లేటులో నెయ్యి కారం దోసె.

అమెరికాలో 3,234 మందితో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అందరూ జబ్బు అంచున ఉన్నవాళ్లే. 2002లో ఫలితాలు ప్రచురించారు. తిండి తగ్గించండి, నడవండి అన్న సలహా అందరికీ అందింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ, మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మందు మింగినవాళ్లకూ ఆ సలహా కాగితం మీద వచ్చింది. ఏడాదికోసారి ఒక మనిషి కూర్చుని అరగంట లోపు మాట్లాడాడు. మూడో బృందానికి మాత్రం లెక్కలు కట్టి ఇచ్చారు. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి. దాంతో పాటు ఒక్కొక్కరికీ ఒక శిక్షకుడు, మొదటి ఆరు నెలల్లో 16 పాఠాలు, ఆ తర్వాత నెలనెలా పలకరింపు. ఉత్తుత్తి మాత్ర వాళ్లతో పోలిస్తే మందు మింగినవాళ్లలో జబ్బు 31 శాతం తగ్గింది. శిక్షకుడున్న బృందంలో 58 శాతం తగ్గింది. అందరి చేతిలోనూ ఉన్న సలహా స్థూలంగా ఒకటే. ఎప్పుడు, ఎంత అన్న లెక్క, ఆ లెక్క అడిగే మనిషి ఒక్క బృందానికే దక్కాయి.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మన దేశపు మధ్యతరగతి మనుషులతో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. ఇక్కడ అంత ఖరీదైన ఏర్పాట్లు లేవు. కొన్ని ముఖాముఖి సమావేశాలు, మధ్యమధ్య ఫోన్లు. రెండున్నరేళ్లకు మామూలు బృందంలో వందకు 55 మందికి మధుమేహం వచ్చింది. ఫోన్లు అందుకున్న బృందంలో 39 మందికి. అమెరికాలో వచ్చినంత తేడా రాలేదు గానీ, వందకు పదహారు మంది మనుషులంటే తక్కువేమీ కాదు.

ఇక్కడ ఇరవై ఒక్క రోజుల లెక్కను కూడా పలకరించాలి. ఏ పని అయినా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట తెలుగు వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఇప్పటికీ గంట కొట్టినట్టు వినిపిస్తుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికితే మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ దగ్గర తేలతాం. ముక్కు సరిచేయించుకున్నవాళ్లకు అద్దంలో కొత్త ముఖం అలవాటు పడడానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన 1960 నాటి పుస్తకంలో రాశాడు. ఎవరి ముక్కో ఎవరి నడకకో కొలబద్ద అయి కూర్చుంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో చెప్పిన లెక్క వేరు. రోజూ ఒక పండు తినడమో, కాసేపు పరుగెత్తడమో ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. తేడా మాత్రం 18 రోజుల నుంచి 254 దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే కొంప మునగలేదని కూడా వాళ్లు గమనించారు. ఇరవై రెండో రోజు చతికిలబడి, తనకు మనోబలం లేదని తీర్మానించుకునే మనిషికి ఈ సంగతి ముందే తెలిసుంటే బాగుండేది.

ఫ్రాంక్లిన్ దగ్గరికి మళ్లీ వెళ్లక తప్పదు. ఎందుకంటే తెలిసినదాన్ని పనిలో పెట్టడానికి ఆయన పడినంత అవస్థ పడి, దాన్ని అంత నిజాయితీగా రాసిపెట్టినవాళ్లు అరుదు. యువకుడిగా ఉన్నప్పుడే సంపూర్ణమైన నడవడి సాధించాలని ఆయనకు కోరిక పుట్టింది. మంచేదో చెడేదో తెలుసు కాబట్టి ఎప్పుడూ మంచే చెయ్యడానికి అడ్డేమిటన్నది వాదం. కొద్ది రోజుల్లోనే అడ్డు ఎంతుందో తెలిసింది. ఒక తప్పు దగ్గర కాపలా కాస్తుంటే మరో తప్పు ఇంకో దారిన వచ్చేస్తోంది.

అప్పుడు చిన్న పుస్తకం ఒకటి కుట్టుకున్నాడు. పదమూడు గుణాలు, ఒక్కోదానికి ఒక పేజీ. ఎర్రసిరాతో నిలువు గీతలు కొట్టి వారంలో ఏడు రోజులకూ ఏడు గళ్లు. తప్పు జరిగిన రోజున ఆ గడిలో నల్లచుక్క. ఒక వారమంతా ఒకే గుణం మీద దృష్టి. మిగతావి వాటి మానాన అవి. పదమూడు వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. ఈ వరసలోనే తెలివంతా ఉంది. మితాహారం, మితపానం ముందు పెట్టాడు. తల తేటగా ఉంటే మిగతావాటిని కాపలా కాయడం తేలికని. పాత చుక్కలు గీకి చెరిపి కొత్తవి పెడుతుంటే కాగితం చిల్లులు పడింది. దాంతో లెక్కను దంతపు రేకులున్న పుస్తకంలోకి మార్చి, పెన్సిల్ చుక్కలను తడి స్పాంజితో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

అన్నిటికన్నా ఏడిపించింది క్రమబద్ధత. ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుంచడం, ఏ పని ఏ వేళకు చెయ్యాలో ఆ వేళకు చెయ్యడం. జ్ఞాపకశక్తి బాగా ఉన్నన్నాళ్లూ కాగితాలు సర్దుకోవాల్సిన అవసరం తెలియలేదట. ముసలితనంలో జ్ఞాపకం తగ్గాక తెలిసిందట, అప్పటికి చక్కదిద్దుకునే అవకాశం దాటిపోయింది. కొన్నాళ్లకు ఏడాదికి ఒక చుట్టు, తర్వాత కొన్నేళ్లకొక చుట్టు, చివరికి ప్రయాణాల హడావిడిలో అసలే లేదు. చిన్న పుస్తకం మాత్రం ఎప్పుడూ వెంట ఉండేదని చెప్పుకున్నాడు. ఇంత సందడి చేసిన పద్ధతి కూడా ఇలా సన్నగిల్లిపోవడం చదువుతుంటే, గోడ మీద జనవరి టైమ్‌టేబుల్ అంటించుకున్న ఎవరికైనా కొంచెం ఊరటగా ఉంటుంది.

ఆ జాబితాలో మొదట ఉన్నవి పన్నెండే. పదమూడోది, అణకువ, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక స్నేహితుడి పుణ్యం. నీకు గర్వమని అందరూ అనుకుంటున్నారు సుమా అని అతను ఉదాహరణలతో సహా చెబితే గానీ ఫ్రాంక్లిన్‌కు తట్టలేదు. పద్ధతిలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. గడిలో చుక్క పెట్టేది తానే, తప్పేదో తేల్చేదీ తానే. న్యాయం అన్న గుణం ఆ పన్నెండింటిలోనే ఉంది. ఎవరికీ కీడు చెయ్యకూడదని దాని తాత్పర్యం. ఆయన ఇంట్లో మాత్రం బానిసలున్నారు, ఆయన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు అచ్చయ్యాయి. ఆ పేజీలో వాటికి చుక్క పడినట్టు లేదు. పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యే నాటికి 1787 వచ్చింది. బానిసత్వాన్ని అంతం చెయ్యమన్న అర్జీ మీద సంతకం పెట్టింది 1790లో, చనిపోవడానికి కొద్ది వారాల ముందు.

పక్కవాళ్ల కన్ను ఎంత పని చేస్తుందో చూడాలంటే నెల్లూరు జిల్లాకు రావాలి.

1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్లు రాత్రి దీపం దగ్గర పలక పట్టారు. చాలామందికి కోరిక చిన్నది. బస్సు బోర్డు చదవాలి, వేలిముద్ర కాకుండా సంతకం పెట్టాలి. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుడు వల్ల కూలిపోయిన సంసారం గురించి. ఆ పాఠం వాళ్లకు చెప్పిన కొత్త సంగతి ఏదైనా ఉందా అంటే లేదు. సారా ఏం చేస్తుందో ఆ ఊళ్లలో ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ వాచక రచయితకూ తెలియదు. కూలి డబ్బులు సారా ప్యాకెట్లకు పోవడం, రాత్రి దెబ్బలు, పిల్లల పస్తులు ఎవరింట్లో వాళ్లకు ఏళ్ల తరబడి తెలుసు. ఎవరింట్లో వాళ్లకు తెలియడమే చిక్కు. అంతవరకూ అది ఎవరి ఖర్మ వాళ్లది. రాత్రిబడిలో పాఠం పైకి చదివి, నలుగురూ మాట్లాడుకున్నాక, అది అందరిదీ అయింది.

ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు రోశమ్మ అనే ఆవిడ ముందుండగా సారా దుకాణం మీదికి వెళ్లారు. దుకాణం మూతపడింది. ఆ సంగతి అక్కడితో ఆగేదే. కానీ అక్షరాస్యత కార్యకర్తలు దూబగుంట కథను తర్వాతి వాచకంలో పాఠంగా పెట్టారు. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని దాని పేరు. తమలాంటి కూలి మనుషులే, తమ జిల్లా వాళ్లే, ఏం చేశారో, ఎలా చేశారో అందులో ఉంది. యేల్ విద్యార్థులకు మ్యాపు చేసిన పనే ఈ పాఠం నెల్లూరు పల్లెల్లో చేసిందనుకోవచ్చు. సారా అమ్మకం హక్కుల వేలంపాట ఏ రోజు, ఎక్కడ జరుగుతుంది, అక్కడికి ఎలా వెళ్లాలి, గేటు దగ్గర ఎవరు కూర్చోవాలి. చర్చ తాగుడు చెడ్డదా కాదా అన్న దగ్గర నుంచి వీటి మీదికి వచ్చింది. 1992లో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. పక్క జిల్లాలు అందుకున్నాయి. 1993 అక్టోబర్ 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మద్యం మొత్తాన్నీ నిషేధించింది. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు రాబడి కావాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్లు అడిగినదంతా వాళ్లకు దక్కిందని చెప్పడానికి వీల్లేదు.

దక్కినదాంట్లో ఒకటి పెద్దగా చప్పుడు లేనిది. సారా ఆగిన ఇళ్లలో రోజుకు కొన్ని రూపాయలు మిగిలాయి. డబ్బు దాచుకోవాలని ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు; పోపుల డబ్బాలో దాచుకోని ఇల్లాలు లేదు. అయితే డబ్బా ఇంట్లో ఉన్నంతకాలం అడిగేవాళ్లూ, లాక్కునేవాళ్లూ ఉంటారు. నెల్లూరు జిల్లాలోనే పొదుపులక్ష్మి పేరుతో బృందాలు మొదలయ్యాయి. మనిషికి రోజుకు ఒక్క రూపాయి. నెలకు ముప్పై. ఒక ఆవిడ అందరి దగ్గరా వసూలు చేస్తుంది, పుస్తకంలో ఎక్కిస్తుంది, డబ్బు బ్యాంకుకో పోస్టాఫీసుకో వెళ్తుంది. కట్టని నెల అందరి ముందూ తెలుస్తుంది. అవసరానికి అందులోంచే అప్పు: ఒకరికి పిల్లాడి ఫీజు, ఒకరికి గేదె, ఒకరికి కుట్టుమిషను. రోజుకు రూపాయి దగ్గర మొదలైన ఈ లెక్కలు తర్వాత డ్వాక్రా సంఘాల లెక్కల్లో కలిసిపోయాయి. సంతకం నేర్చుకున్న చేతులు ఎక్కువగా సంతకాలు పెట్టింది ఆ పుస్తకాల్లోనే.